పాత సైన్స్ ఫిక్షన్ సినిమాలో తప్పు దిద్దితే అభిమానికి కోపం ఎందుకు?

స్టార్ వార్స్ మొదటి సినిమాని వీడియో క్యాసెట్ల కాలంలో చూసినవాళ్లు ఒక పెట్టె గురించి చెబుతుంటారు. అంతరిక్ష యుద్ధంలో శత్రువుల చిన్న విమానాలు, టై ఫైటర్లు, దూసుకొస్తుంటే ఒక్కోదాని చుట్టూ పలచగా ఒక చతురస్రం కనబడేది. బయట ఆకాశం ఒక నలుపు, పెట్టె లోపల ఇంకో రకం నలుపు. విమానం ఎటు తిరిగితే పెట్టె కూడా అటే. ఒక్కసారి కంట్లో పడిందంటే ఇక కథ మీద ధ్యాస ఉండదు, కళ్లు పెట్టెల కోసమే వెతుకుతాయి. అదే సినిమాని 1977లో థియేటర్లో చూసినవాళ్లని అడిగితే, పెట్టె ఏమిటి, మేం చూడలేదే అంటారు చాలామంది.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పాత సైన్స్ ఫిక్షన్ సినిమా మళ్లీ విడుదలైన ప్రతిసారీ 'తప్పులు దిద్దారు' అని కొందరు, 'సినిమాని పాడుచేశారు' అని కొందరు కొట్టుకోవడానికి మూలం అక్కడే ఉంది. తప్పు ఫిల్ములో ఉందా, మనం చూసే తెరలో ఉందా, దర్శకుడి మనసులో ఉందా అన్నది తేల్చుకోకుండానే వాదనకు దిగుతారు. అందుకే ముప్పై ఏళ్లయినా ఆ వాదన తెగలేదు.

ముందు ఆ పెట్టె సంగతి చూద్దాం. దర్శకుడు జార్జ్ లూకాస్ ఈ సినిమా కోసమే 1975లో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే సంస్థ పెట్టాడు. కాలిఫోర్నియాలో, వ్యాన్ నైస్ అనే చోట ఒక గోడౌన్‌లో మొదలైంది పని. అక్కడ జాన్ డైక్‌స్ట్రా బృందం ఒక కెమెరా తయారుచేసుకుంది. విమానం బొమ్మ కదలకుండా ఉంటుంది, కెమెరానే పట్టాల మీద దాని చుట్టూ తిరుగుతుంది. ఒకసారి తిరిగిన తీరులోనే, వెంట్రుకవాసి తేడా లేకుండా, ఎన్నిసార్లయినా తిరగగలదు. బొమ్మ వెనక నీలం తెర ఉంటుంది. ఆ నీలాన్ని ఆధారం చేసుకుని ల్యాబ్‌లో మ్యాట్ తయారుచేస్తారు, అంటే ముసుగు. ఒకదాంట్లో విమానం ఆకారం నల్లగా, చుట్టూ ఖాళీగా ఉంటుంది. రెండోదాంట్లో సరిగ్గా దానికి తలకిందులు. ఒక ప్రొజెక్టర్‌నీ ఒక కెమెరానీ ఎదురెదురుగా బిగించిన ఆప్టికల్ ప్రింటర్ అనే యంత్రంలో ఈ ముసుగులు అడ్డుపెట్టి, మొదట నక్షత్రాలు, తర్వాత విమానం, తర్వాత ఇంకో విమానం, ఆ తర్వాత లేజర్ మెరుపు, ఇలా ఒక్కొక్కటిగా ఒకే ఫిల్ము మీదకి ఎక్కిస్తారు. ఏ పొర పిసరంత జరిగినా అంచు వెంట నల్లగీత మిగిలిపోతుంది. అలాంటి షాట్లు ఆ సినిమాలో 350కి పైనే ఉన్నాయి.

నీలం తెర స్టూడియో అంతా పరిచి ఉండదు. దాని పక్కన లైట్ల స్టాండ్లు, వైర్లు, పైకప్పు అన్నీ ఫ్రేములోకి వస్తాయి. వాటిని దాచడానికి బొమ్మ చుట్టూ కాస్త చోటు వదిలి మోటుగా గీసిన ఇంకో ముసుగు వేస్తారు. దానికి గార్బేజ్ మ్యాట్ అని పేరు. ఆ ముసుగు ఇచ్చే నలుపూ, నీలం తెర నుంచి పుట్టిన నలుపూ కొలిచి చూస్తే ఒకటి కావు. థియేటర్ ప్రింటులో నలుపు చిక్కగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసిపోయాయి. వీడియోకి ఎక్కించేటప్పుడు మాత్రం, చీకటి సీన్లు టీవీలో కనబడాలని వెలుతురు పెంచారు. దాంతో అంతవరకూ చీకట్లో దాక్కున్న పెట్టె బయటపడింది. నా లెక్కలో ఈ తప్పు గోడౌన్‌లో పనిచేసినవాళ్లది కాదు, వీడియోకి ఎక్కించినవాళ్లది. గోడౌన్‌వాళ్లు పనిచేసింది థియేటర్ కోసం, అక్కడ ఆ పెట్టె లేదు.

రెండో సినిమా ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌లో పరిస్థితి తిరగబడింది. నల్లటి అంతరిక్షంలో నల్లగీత దాక్కుంటుంది. కానీ ఆ సినిమాలో పెద్ద యుద్ధం హోత్ అనే మంచు గ్రహం మీద జరుగుతుంది. తెల్లటి మంచు మీద నల్లగీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాన్ని తగ్గించడానికి ఆప్టికల్ విభాగం వాళ్లు ముసుగు సాంద్రతను కావాలనే పలచన చేశారు. గీత తగ్గింది గానీ ఇంకో ఇబ్బంది వచ్చింది. పైలట్ కూర్చున్న కాక్‌పిట్ చట్రం గుండా వెనకున్న మంచు లీలగా కనబడసాగింది. ఇనుము చట్రం అద్దంలా మారిపోయింది. రెండు తప్పుల్లో ఏది తక్కువ బాధపెడుతుందో చూసుకుని దాన్ని ఎంచుకున్నారన్నమాట. దీన్ని నిర్లక్ష్యం అనడానికి నాకు నోరు రాదు. 1997లో ఆ కాక్‌పిట్లను కంప్యూటర్‌తో సరిచేసినప్పుడు, ఎంత మొండి అభిమాని కూడా పెద్దగా నొచ్చుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. అభిమానులు ప్రతి మార్పునీ గుడ్డిగా తిట్టరు.

ఇక్కడ ఫిల్ము గురించి ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కెమెరాలో తిరిగిన నెగటివ్ నుంచి ఒక పాజిటివ్, దాన్నుంచి మళ్లీ ఒక డూప్ నెగటివ్, దాన్నుంచి థియేటర్లకు వెళ్లే ప్రింట్లు తీస్తారు. జెరాక్స్‌కి జెరాక్స్ తీసినట్టు, ప్రతి మెట్టులో వివరం కొంచెం తగ్గుతుంది, గ్రెయిన్, అంటే బొమ్మలో ఇసుక చల్లినట్టు కనబడే నలుసు, కొంచెం పెరుగుతుంది. గ్రాఫిక్స్ షాట్ల సంగతైతే మరీ. అవి అసలు నెగటివ్‌లో అతికించేసరికే రెండు మూడు తరాలు దాటి ఉంటాయి. అందుకే స్టార్ వార్స్ గ్రాఫిక్స్ షాట్లను మామూలు ఫిల్ము మీద కాకుండా, ఫ్రేము దాదాపు రెట్టింపు ఉండే విస్టావిజన్ పద్ధతిలో తీశారు. ఎన్ని కాపీలు తీసినా చివరికి పక్క షాటుతో కలిసిపోవాలని.

ఇది మనకి దూరమైన విషయం కాదు. ల్యాబ్ ఆప్టికల్స్ కాలం నాటి తెలుగు సినిమా ఏదైనా, శుభ్రంగా స్కాన్ చేసింది, ఓటీటీలో పెట్టుకుని చూడండి. ఒక సీను కరిగి ఇంకో సీనులోకి మారే చోటు గమనించండి. మార్పు మొదలయ్యే ముందే, ఒక్క క్షణంలో, బొమ్మ కాస్త మసకబారుతుంది, గ్రెయిన్ పెరుగుతుంది, రంగు తేడా పడుతుంది. హీరో చొక్కా అదే, లైటింగ్ అదే, కానీ ఏదో మారింది. ఆ కొన్ని అడుగుల ఫిల్ము మాత్రం ఆప్టికల్ ప్రింటర్ గుండా వెళ్లి వచ్చిన కాపీ. టైటిళ్లు పడే షాట్లలోనూ ఇదే తంతు. థియేటర్ ప్రింటులో ఈ తేడా ఇంత తెలిసేది కాదు, ఎందుకంటే అప్పటికి సినిమా మొత్తం కాపీయే. ఇప్పుడు నేరుగా నెగటివ్‌ను 4కెలో స్కాన్ చేస్తున్నారు. అంటే ఆ రోజుల్లో ల్యాబ్‌వాళ్లు తప్ప ప్రేక్షకుడెవడూ చూడని బొమ్మని మనం చూస్తున్నాం. విగ్గు అంచు, బొమ్మకి కట్టిన తీగ, పెయింటింగ్ మీద కుంచె గీత, అన్నీ కనబడతాయి.

మరి 'అసలు సినిమా' అంటే ఏది? నెగటివ్‌లో ఉన్నదా? ఆరోజు ప్రింటులో కనబడిందా? దర్శకుడు తీయాలనుకుని తీయలేకపోయిందా? మూడూ వేర్వేరు. ఎవరికి వాళ్లు తమ చేతిలో ఉన్నదాన్నే అసలుది అంటున్నారు.

ఇలాంటి అవకతవకల్లో కొన్నిటికి పేరు కూడా వచ్చింది. స్టాన్లీ కుబ్రిక్ తీసిన 2001: ఎ స్పేస్ ఒడిస్సీ 1968 నాటిది. మొదటి భాగంలో ఆఫ్రికా మైదానం దాదాపు అంతా స్టూడియోలో తీశారు. వెనక వెలుగును వచ్చిన దారినే తిప్పికొట్టే పెద్ద తెర కట్టి, కెమెరా ఉన్న దిక్కు నుంచే దాని మీదకి మైదానం ఫొటో ప్రొజెక్ట్ చేశారు. ఆ వెలుతురే ముందు కూర్చున్న చిరుతపులి కళ్ల మీదా పడింది. రాత్రి హెడ్‌లైట్లకు పిల్లి కళ్లు మెరిసినట్టు చిరుత కళ్లు మెరిశాయి. సాంకేతికంగా అది ప్రొజెక్షన్ పద్ధతి వల్ల వచ్చిన లోపం. చూసేవాడికి మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని తుడిచేయమని ఏ అభిమానీ అడగడు. అదే సినిమాలో భారం లేని అంతరిక్ష నౌకలో ఒకాయన గొట్టంతో జ్యూస్ తాగి వదిలేస్తాడు, జ్యూస్ తిరిగి కిందకి జారుతుంది. భారమే లేనప్పుడు కిందకి ఎలా జారింది? ఇది సైన్స్ తప్పు. అయినా యాభై ఏళ్లకు పైగా అలాగే ఉంది.

కుబ్రిక్ ఈ కాపీల గొడవ ముందే ఊహించాడు. ఆయన వీలైనన్ని షాట్లలో ఆప్టికల్ ప్రింటర్ వాడలేదు. నౌకను తీసిన నెగటివ్‌ను డెవలప్ చేయకుండా దాచి, నెలల తర్వాత అదే నెగటివ్ మీద నక్షత్రాలు ఎక్స్‌పోజ్ చేయించాడు. ఎక్కడైనా పొరపాటు జరిగితే మొత్తం మళ్లీ మొదటి నుంచి. అందుకే ఆ సినిమా ఇవాళ పెద్ద తెర మీద చూసినా కొన్ని కొత్త సినిమాల కన్నా శుభ్రంగా ఉంటుంది. 2018లో దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ చొరవతో కాన్స్ చిత్రోత్సవంలో వేసిన 70 ఎంఎం ప్రింటును డిజిటల్ సవరణ ఏమీ చేయకుండా నెగటివ్ నుంచి ఫిల్ము పద్ధతిలోనే తీశారు.

ఇక అసలు గొడవ. 1997 జనవరి 31న స్టార్ వార్స్ 'స్పెషల్ ఎడిషన్' విడుదలైంది, రెండు నెలలు తిరక్కుండా మిగతా రెండు భాగాలూ వచ్చాయి. పని మొదలుపెట్టింది నిజంగా మరమ్మతు కోసమే. నెగటివ్‌లో కొన్ని భాగాలకు వాడిన డూప్ స్టాక్, అంటే కాపీలు తీసే ఫిల్ము, ఇరవై ఏళ్లు తిరక్కుండానే వెలిసిపోయింది. దుమ్ము, గీతలు సరేసరి. వాటిని కడిగారు, తుడిచారు, పాడైన గ్రాఫిక్స్ షాట్లను పాత ముక్కల నుంచే కంప్యూటర్‌లో మళ్లీ కలిపారు. పెట్టెలు పోయాయి. నేలకు తగలకుండా తేలుతూ పోయే ల్యాండ్‌స్పీడర్ అనే బండి కింద చక్రాలు దాచడానికి 1976లో అద్దాలు బిగించి, లెన్సుకి జెల్లీ పూసి తీశారు. అప్పట్లో బండి కింద నారింజ రంగు మరక ఒకటి కూడా వెంట పరుగెత్తేది. అదీ పోయింది. ఇంతవరకూ చప్పట్లే.

కానీ అక్కడితో ఆగలేదు. జాబా అనే నేరస్థుడితో హాన్ సోలో మాట్లాడే సీను ఒకటి 1976లో తీసి పక్కన పడేశారు. అప్పుడు జాబాగా డెక్లాన్ ముల్‌హాలండ్ అనే నటుడు మామూలు మనిషిలాగే బొచ్చు కోటు వేసుకుని నిలబడ్డాడు. తర్వాత మూడో సినిమాలో జాబా అంటే భారీ తోక ఉన్న నత్తలాంటి ప్రాణి అని తేలిపోయింది. 1997లో ఆ పాత సీను తీసి, మనిషి ఉన్నచోట కంప్యూటర్ జాబాని పెట్టారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, హాన్ సోలోగా వేసిన హారిసన్ ఫోర్డ్ అప్పట్లో ఆ మనిషి వెనక నుంచి చుట్టూ తిరిగి ఇటు వచ్చాడు. ఇప్పుడు ఆ దారిలో తోక ఉంది. ఏం చేయాలి? ఫోర్డ్ బొమ్మనే కత్తిరించి కాస్త పైకి జరిపారు, తోక తొక్కి అవతలికి దిగినట్టు. జాబా కళ్లు పెద్దవి చేసి కీచుమంటాడు. ఆ రెండు మూడు సెకన్లు ఆపి ఆపి చూడండి. నడుస్తున్న మనిషి పైకి లేచి కిందకి దిగుతాడు గానీ ఒంట్లో బరువు మారదు, మోకాలు వంగదు. ఎస్కలేటర్ ఎక్కినట్టుంటుంది. 1977లో సినిమాలో లేనేలేని తప్పు ఒకటి, తప్పులు దిద్దే పేరుతో సినిమాలోకి వచ్చింది. 2004 డీవీడీకి ఆ జాబాని మళ్లీ మార్చారు, ఎందుకంటే 1997 జాబా ఏడేళ్లకే వెలవెలబోయాడు.

ఇంకోటి మరీ పేరుపడింది. బార్‌లో గ్రీడో అనేవాడు హాన్ మీద తుపాకీ గురిపెడితే, 1977లో హాన్ బల్ల కింద నుంచి కాల్చేస్తాడు. అంతే. 1997లో గ్రీడో ముందు కాల్చాడు, అంత దగ్గర నుంచి గురి తప్పాడు, ఆ తర్వాతే హాన్ కాల్చాడు. 2004లో ఇద్దరూ దాదాపు ఒకేసారి. 2019లో డిస్నీ ప్లస్‌లో గ్రీడో కాల్చే ముందు 'మాక్లంకీ' అని అరుస్తాడు, దానికి సబ్‌టైటిల్ కూడా లేదు. ఇక్కడ గ్రాఫిక్స్ తప్పేమీ లేదు, దిద్దడానికి. మారింది పాత్ర స్వభావం. అవసరమైతే ముందు కాల్చేసే దేశదిమ్మరిని, ప్రాణం మీదకొస్తే తప్ప కాల్చని పెద్దమనిషిని చేశారు. కాక్‌పిట్ దిద్దితే ఊరుకున్న అభిమాని ఇక్కడ లేచి నిలబడ్డాడు. నాకది న్యాయమే అనిపిస్తుంది.

మధ్యలో నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. అదే సినిమాలో గదిలోకి పరుగెత్తుకొచ్చే స్టార్మ్‌ట్రూపర్ సైనికుడొకడు తలుపు పైభాగానికి ఠంగున తల కొట్టుకుంటాడు. నటుడి పొరపాటు, ఎడిటింగ్‌లో ఎవరూ పట్టుకోలేదు. ఇన్ని దిద్దిన లూకాస్ దాన్ని దిద్దలేదు సరికదా, 2004లో తల తగిలిన చప్పుడు జోడించాడు. తప్పు అందరికీ నచ్చిందని ఆయనకీ తెలుసు.

అయినా అభిమానుల అసలు కోపం జాబా మీదో గ్రీడో మీదో కాదు. పాతది దొరక్కుండా పోవడం మీద. స్పెషల్ ఎడిషన్ కోసం నెగటివ్‌నే విప్పి కొత్త షాట్లు అతికించారు. నెగటివ్‌లు శాశ్వతంగా మారిపోయాయని లూకాస్‌ఫిల్మ్ తర్వాత తానే చెప్పింది. 2006లో పాత రూపాన్ని డీవీడీలో అదనపు డిస్కుగా ఇచ్చారు గానీ, అది 1993 లేజర్‌డిస్క్ కోసం చేసిన వీడియో నుంచి తీసిందే. పెద్ద టీవీలో చూస్తే చుట్టూ నల్లపట్టీలు, మధ్యలో మసక బొమ్మ. దాంతో అభిమానులే రంగంలోకి దిగారు. ఎక్కడెక్కడో మిగిలిన 1977 నాటి 35 ఎంఎం ప్రింట్లు సంపాదించి, ఫ్రేము ఫ్రేము స్కాన్ చేసి '4కె77' అనే రూపం తయారుచేసుకున్నారు. చట్టం లెక్కలో అది తప్పే. కానీ చట్టబద్ధంగా కొనుక్కునే దారి ఏదీ తెరిచి ఉంచలేదు కదా. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1977 నాటి టెక్నికలర్ ప్రింటునే వేస్తే అది పెద్ద వార్త అయింది. ఒక పాత సినిమాని పాత ప్రింటులో వేయడం వార్త కావడమే విచిత్రం. సినిమాకి 50 ఏళ్లు నిండే 2027లో ఆనాటి థియేటర్ రూపాన్ని మళ్లీ విడుదల చేస్తామని లూకాస్‌ఫిల్మ్ ప్రకటించింది కూడా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 1988లో ఇదే లూకాస్ అమెరికా చట్టసభ ముందుకి వెళ్లి, పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకు రంగులద్దడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. రేపు సాంకేతికత పెరిగితే నటుల్నే మార్చేస్తారు, మాటలే మార్చేస్తారు, అసలు నెగటివ్ లేకుండా పోతుంది అని హెచ్చరించాడు. ఆయన సమర్థకులు చెప్పేది ఏమిటంటే, ఆయన అడ్డుకుంది స్టూడియోలు చేసే మార్పుల్ని, తీసినవాడు చేసుకునే మార్పుల్ని కాదు అని. వాదనగా నిలుస్తుంది. కానీ సినిమా ఒక్కడిదే అనుకుంటే కదా. ఆ మంచు మీద నల్లగీతతో కుస్తీపట్టిన ఆప్టికల్ విభాగం పనికి ప్రత్యేక ఆస్కార్ గౌరవం దక్కింది. ఆ పనే ఇప్పుడు అధికారిక ప్రతిలో కనబడదు.

స్టీవెన్ స్పీల్‌బర్గ్ దారి వేరు. 1977లో వచ్చిన క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్‌ను మళ్లీ సవరించుకుంటానంటే, గ్రహాంతరవాసుల నౌక లోపలి భాగం చూపిస్తే డబ్బిస్తామంది స్టూడియో. 1980లో చూపించాడు. చూపించాక తెలిసింది అది చూపించకూడనిదని. 1998 రూపంలో ఆ లోపలి దృశ్యం తీసేశాడు. ఇ.టి. సినిమాకి 2002లో ఇరవై ఏళ్లు నిండినప్పుడు పోలీసుల చేతుల్లో తుపాకులు తుడిచి వాకీటాకీలు పెట్టాడు, కొన్నిచోట్ల రబ్బరు బొమ్మ బదులు కంప్యూటర్ బొమ్మ పెట్టాడు. 2012 బ్లూరేలో 1982 రూపాన్నే ఇచ్చాడు. తన పాత పనిలో వేలు పెట్టకుండా ఉండాల్సిందని 2023లో బహిరంగంగానే అన్నాడు.

సరిగ్గా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. రిడ్లీ స్కాట్ తీసిన బ్లేడ్ రన్నర్ 1982లో వచ్చింది. అందులో తప్పులకు కొదవ లేదు. ఎగిరే కారు పైకి లేస్తుంటే దాన్ని లాగుతున్న క్రేన్ తీగలు కనబడతాయి. పాముల వ్యాపారితో హీరో మాట్లాడేటప్పుడు పెదవులు ఒకటంటే గొంతు ఇంకోటి అంటుంది. పారిపోయిన ఆరుగురు రెప్లికెంట్లలో, అంటే కృత్రిమ మనుషుల్లో, ఒకడు చచ్చాడంటారు, మరి మిగిలిన ఐదుగురిలో నలుగురే కనబడతారు. ఐదోవాడు ఎవడన్న దాని మీద ఏళ్ల తరబడి సిద్ధాంతాలే పుట్టాయి. అన్నిటికన్నా బాధాకరమైనది ఆ రెప్లికెంట్లలో ఒకతె, జోరా, చనిపోయే సీను. పారదర్శకమైన కోటు వేసుకుని అద్దాలు పగలగొట్టుకుంటూ ఆమె స్లో మోషన్‌లో పడుతుంది. సినిమాలో అందమైన సీన్లలో ఒకటి. కానీ పరుగెత్తేది ఆ పాత్ర వేసిన జొఆన్నా క్యాసిడీ కాదు, డూప్. విగ్గు అతకదు, మొహం వేరు, స్లో మోషన్ కాబట్టి చూడకుండా ఉండలేం.

2007లో 'ఫైనల్ కట్' కోసం పాతికేళ్ల తర్వాత క్యాసిడీనే పిలిచారు. ఆమె మళ్లీ ఆ దుస్తుల్లో, గ్రీన్ స్క్రీన్ ముందు, డూప్ తల ఎలా తిరిగిందో అలాగే తల తిప్పింది. ఆ మొహాన్ని డూప్ ఒంటి మీద అతికించారు. పెదవులు కలవని సీనుకి హారిసన్ ఫోర్డ్ కొడుకు బెన్ ఫోర్డ్ నోటిని వాడారు. తీగలు తుడిచారు. లెక్క తప్పిన డైలాగులో ఒకడు బదులు ఇద్దరు చచ్చారని మార్చారు. ఇంత చేసినా గొడవ ఎందుకు రాలేదు? ఆ ఏడాది ఐదు డిస్కుల పెట్టెలో 1982 నాటి అమెరికా రూపం, విదేశీ రూపం, 1992 డైరెక్టర్స్ కట్, ముందస్తు ప్రదర్శనల్లో వేసిన వర్క్‌ప్రింట్ కూడా ఇచ్చారు. నచ్చినవాడు నచ్చింది చూసుకున్నాడు. డూప్ మొహమే కావాలంటే అదీ ఉంది.

దిద్దుబాటుకి ఇంకో శాపం ఉంది, అది దిద్దిన తప్పు కన్నా త్వరగా పాతబడుతుంది. 1979 నాటి స్టార్ ట్రెక్: ద మోషన్ పిక్చర్ దీనికి మంచి ఉదాహరణ. గ్రాఫిక్స్ అప్పగించిన మొదటి సంస్థను మధ్యలో తీసేసి, డగ్లస్ ట్రంబుల్, జాన్ డైక్‌స్ట్రా బృందాల చేత ఆఖరి నెలల్లో ఉరుకులు పరుగుల మీద చేయించారు. డిసెంబరు 7 విడుదల తేదీ కదలదు. దర్శకుడు రాబర్ట్ వైజ్ ప్రింటును వెంటబెట్టుకునే ప్రీమియర్‌కి వెళ్లాడు. చేయాలనుకున్న షాట్లు కొన్ని మిగిలే పోయాయి. 2001లో ఆయన ఆధ్వర్యంలోనే డీవీడీ కోసం ఆ షాట్లను కంప్యూటర్‌లో చేసి 'డైరెక్టర్స్ ఎడిషన్' ఇచ్చారు. బాగుంది. అయితే ఆ కొత్త షాట్లు డీవీడీ నాణ్యతలోనే తయారయ్యాయి. బ్లూరేలు వచ్చాయి, 4కె వచ్చింది. ఫిల్ము మీద ఉన్న 1979 షాట్లు దర్జాగా పెద్ద తెర ఎక్కాయి, 2001 షాట్లు ఎక్కలేకపోయాయి. ఆ షాట్లన్నీ మళ్లీ మొదటి నుంచి చేసి 2022లో గానీ 4కెలో విడుదల చేయలేకపోయారు. అప్పటికి వైజ్ లేడు.

ఇప్పుడు కొత్త తరహా గొడవ మొదలైంది. ఇందులో మార్చింది కథ కాదు, బొమ్మలోని ఇసుక. జేమ్స్ కామెరాన్ 1986లో తీసిన ఏలియెన్స్‌కి వాడిన ఫిల్ము గ్రెయిన్ ఎక్కువుండే రకం. అది ఆయనకి మొదటి నుంచీ నచ్చలేదు. 4కె రూపంలో గ్రెయిన్ తీసేసి, కృత్రిమ మేధ సాయంతో అంచులు పదునెక్కించారు. 2024లో డిస్కు రాగానే అభిమానులు ఫ్రేములు ఆపి పోల్చడం మొదలుపెట్టారు. గ్రెయిన్ పోయినచోట చర్మం మైనంలా నున్నబడింది, దూరంగా ఉన్న మొహాల్లో లేని గీతలు వచ్చాయి. ఫిల్ములో లేని వివరాన్ని యంత్రం ఊహించి గీసింది. జాబా తోకైతే ఎవరికైనా కనబడుతుంది, వేలెత్తి చూపొచ్చు. ఇది అలా కాదు. ప్రతి ఫ్రేములో కొంచెం కొంచెం. పాత ప్రతి పక్కన పెట్టుకుంటే తప్ప తెలియదు. నాకు గ్రీడో కన్నా దీని మీదే ఎక్కువ బెంగ. విచిత్రమేమిటంటే, అదే సినిమా చివర్లో రెండు ముక్కలైన బిషప్ అనే మరమనిషి నేల మీద జారుతుంటే, నటుడు నడుము కింది భాగాన్ని దాచుకున్న గొయ్యి పాత రూపాల్లో ఒక్క క్షణం కనబడేది. దాన్ని వెతికి పట్టుకుని అభిమానులు మురిసిపోయారే తప్ప పెద్దగా ఫిర్యాదు చేయలేదు.

మన దగ్గర ఈ చర్చ ఇంకా ఇంత దూరం రాలేదు. 2022లో పోకిరి, జల్సా నుంచి హీరోల పుట్టినరోజులకు '4కె రీ-రిలీజ్' మామూలైపోయింది. థియేటర్లో కాగితాలు ఎగరేసే ఊపులో బొమ్మ నాణ్యత ఎవడు చూస్తాడు? కానీ 2025 ఏప్రిల్ 4న ఆదిత్య 369 మళ్లీ విడుదలైనప్పుడు మాత్రం చూడాల్సింది బొమ్మనే. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన టైమ్ మెషిన్ కథ. రాయల కాలానికీ 2504కీ మనల్ని తీసుకెళ్లింది ల్యాబ్ ఆప్టికల్సూ సెట్లూ బొమ్మలూ. ఇవాళ్టి కంటికి కొన్నిచోట్ల అతుకులు కనబడతాయి. ఆ అతుకుల్ని కంప్యూటర్‌తో కప్పితే నాకు నచ్చదు. దుమ్ము దులపండి, గీతలు తుడవండి, రంగు నిలబెట్టండి, చాలు.

మాయాబజార్ సైన్స్ ఫిక్షన్ కాదు గానీ ట్రిక్ ఫొటోగ్రఫీ మాటొస్తే దాన్ని దాటి వెళ్లలేం. లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లే సీన్లను మార్కస్ బార్ట్‌లీ 1957లో బ్లాక్ అండ్ వైట్ లైటింగ్ లెక్కతో తీశాడు. 2010లో హైదరాబాద్ సంస్థ గోల్డ్‌స్టోన్ దానికి రంగులద్ది థియేటర్లలో వేసింది. కొత్త తరం జనం వచ్చి చూశారు, అది మంచిదే. లూకాస్ 1988లో చట్టసభ ముందు తిట్టిపోసింది సరిగ్గా ఈ పనినే. అయినా ఇక్కడ పెద్ద యుద్ధం జరగలేదు, కారణం తేలిక. బ్లాక్ అండ్ వైట్ మాయాబజార్ ఎక్కడికీ పోలేదు, టీవీలో వస్తూనే ఉంది.

కాబట్టి ఈసారి పోస్టర్ మీద 4కె అని కనబడితే, దేన్నుంచి స్కాన్ చేశారని అడగండి. నెగటివ్ నుంచా, ఎక్కడో మిగిలిన ప్రింటు నుంచా, పాత వీడియో టేపును సాఫ్ట్‌వేర్‌తో సాగదీశారా? మూడింటి మీదా 4కె అని రాసుకోవచ్చు. ఎల్.వి. ప్రసాద్ స్థాపించిన ప్రసాద్ సంస్థలో విదేశీ సినిమాలను సైతం ఫ్రేము ఫ్రేము శుభ్రం చేసే విభాగం ఉంది కాబట్టి పని తెలిసినవాళ్లు మనకి లేక కాదు. అడిగేవాళ్లు లేక.